మూడు వందల డాలర్ల పిస్టల్: ఆ ధరలో ఏం వస్తుంది, ఏం రాదు

డాలస్ శివార్లలోనో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో మనవాళ్ల ఇంట్లో దొంగలు పడ్డారనే వార్త వస్తే చాలు, ఆ వారమంతా ఫోన్లలో రెండే ప్రశ్నలు తిరుగుతాయి. నగలు బ్యాంకు లాకరులో పెట్టేద్దామా అనేది మొదటిది. ఇంట్లో ఒక పిస్టల్ ఉంచుకుంటే ఎలా ఉంటుంది, తక్కువ ధరలో ఏది దొరుకుతుంది అనేది రెండోది. ఈ భయం ఊరికే పుట్టింది కాదు. 2011-14 మధ్య జార్జియా, న్యూయార్క్, ఒహాయో, మిషిగన్, టెక్సాస్ రాష్ట్రాల్లో ఒక ముఠా భారతీయ, ఇతర ఆసియా కుటుంబాల ఇళ్లనే ఎంచుకుని తుపాకులతో చొరబడి దోచుకుంది. ఆ ముఠాను నడిపిన మహిళకు ఫెడరల్ కోర్టు 37 ఏళ్ల జైలుశిక్ష వేసింది.

రెండో ప్రశ్నకు దుకాణంలో ఒక్క నిమిషంలో జవాబు దొరుకుతుంది. గాజు అల్మరాలోంచి మూడు పిస్టళ్లు తీసి బల్ల మీద పెడతారు. మూడింటి ధరా 400 డాలర్ల లోపే. కానీ కొనేవారి వీసా, ఇంటి గోడలు, పిల్లల వయసు, అమ్మానాన్నలు ఇండియా నుంచి ఎప్పుడు వస్తున్నారు అనే సంగతులు ఆ బల్ల మీదికి రావు. ఎంపికను తేల్చేవి మాత్రం ఎక్కువగా ఇవే.

ముందు వీసా, తర్వాతే పిస్టల్

అమెరికాలో ఎవరైనా తుపాకీ కొనుక్కోవచ్చు అనే మాట సగమే నిజం. ఇంట్లో ఆత్మరక్షణ కోసం చేతి తుపాకీ ఉంచుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు అని 2008లో సుప్రీంకోర్టు హెల్లర్ కేసులో తేల్చింది. అయితే ఆ హక్కు ఎవరికి వర్తించదో చెప్పే జాబితా ఒకటి ఫెడరల్ చట్టంలో ఉంది. శిక్ష పడిన నేరస్థులు, గృహహింస కేసుల్లో దోషులు వంటివారితో పాటు తాత్కాలికంగా ఉండటానికి ఇచ్చే వలసేతర వీసాపై దేశంలోకి వచ్చినవారూ ఆ జాబితాలో ఉన్నారు. అంటే హెచ్‌-1బీ, హెచ్‌-4, ఎఫ్‌-1, ఎల్‌-1, అమ్మానాన్నలు వచ్చే బీ-2. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు.

లైసెన్సు ఉన్న డీలరు దగ్గర పిస్టల్ కొనాలంటే 21 ఏళ్లు నిండి ఉండాలి. 4473 అనే ఫారం నింపాలి. 1998 నుంచి నడుస్తున్న జాతీయ తనిఖీ వ్యవస్థలో పేరు సరిచూస్తారు. వలసేతర వీసాపై వచ్చారా అని ఆ ఫారం సూటిగా అడుగుతుంది. తప్పు జవాబు రాయడం ఒక నేరం, అర్హత లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకోవడం వేరే నేరం. రెండోదానికి గరిష్ఠ శిక్షను 2022 చట్టం పదేళ్ల నుంచి పదిహేనేళ్లకు పెంచింది. వలస చట్టం కింద తుపాకీ నేరం దేశం నుంచి పంపించేయడానికీ కారణమవుతుంది.

చట్టంలో ఒక వింత మినహాయింపు ఉంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు గడువులో ఉంటే వలసేతర వీసాదారుకూ ఫెడరల్ నిషేధం వర్తించదు. వేటకు వచ్చే విదేశీయుల కోసం పెట్టిన వెసులుబాటు ఇది. కొందరు మనవాళ్లు దీన్ని ఆసరా చేసుకుని కొంటున్నారు. కానీ ఆ లైసెన్సు గడువు తీరిన రోజు నుంచి అల్మరాలో ఉన్న పిస్టల్ అలాగే ఉండగా దాని యజమాని చట్టం దృష్టిలో మారిపోతాడు. రాష్ట్ర చట్టాలు అదనపు షరతులు పెట్టవచ్చు కూడా. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి క్యూలో ఉన్న కుటుంబానికి ఇది చిన్న జూదం కాదు.

ఇప్పుడు మూడు ఇళ్లు చూద్దాం. మొదటి ఇంట్లో భర్తది హెచ్‌-1బీ, భార్యది హెచ్‌-4, ఇద్దరు పిల్లలూ అక్కడే పుట్టిన పౌరులు. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 దరఖాస్తుకు ఆమోదం వచ్చి ఎనిమిదేళ్లయింది. ఇల్లు సొంతం, పన్నులు కడుతున్నారు, అయినా వేట లైసెన్సు మినహాయింపు పక్కన పెడితే ఇద్దరిలో ఎవరికీ అర్హత లేదు. ఐ-140 ఆమోదం వల్ల వీసా తరగతి మారదు.

రెండో ఇంట్లో భార్య అమెరికా పౌరురాలు, భర్త ఇంకా హెచ్‌-1బీలోనే ఉన్నాడు. ఆమె తన కోసం కొనుక్కోవచ్చు. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. పిస్టల్ దాచిన పెట్టె తాళం కోడ్ భర్తకూ తెలిసి, ఎప్పుడైనా తీసుకునే వీలుంటే, పిస్టల్ అతని జేబులో లేకపోయినా అతని అధీనంలో ఉన్నట్టే అని ప్రాసిక్యూటర్ వాదించడానికి చోటు దొరుకుతుంది. ఉమ్మడి పడకగదిలో ఉమ్మడి అల్మరా ఈ విషయంలో మంచి సాక్ష్యం కాదు.

మూడో ఇంట్లో ఇద్దరికీ గ్రీన్‌కార్డులున్నాయి. ఆర్నెల్ల కోసం అత్తమామలు బీ-2 మీద వచ్చారు. పగలంతా ఇంట్లో ఉండేది వాళ్లే కాబట్టి కోడ్ వాళ్లకూ చెప్పి ఉంచుదామనే ఆలోచన సహజం. చట్టం ఒప్పుకోనిది సరిగ్గా ఆ ఆలోచననే.

‘నాకు కుదరదు, నువ్వు నీ పేరు మీద తీసుకో, డబ్బు నేనిస్తాను’ అనే ఏర్పాటు గురించి కూడా ఒక మాట. 2014లో సుప్రీంకోర్టు అబ్రామ్‌స్కీ కేసులో దీన్ని నేరమనే తేల్చింది. ఆ కేసులో తుపాకీ చివరికి చేరిన బంధువుకు దాన్ని ఉంచుకునే అర్హత పూర్తిగా ఉంది. అయినా, అసలు కొనుగోలుదారు నేనే అని ఫారంలో అబద్ధం రాయడమే శిక్షకు సరిపోయింది. అర్హత లేనివారి కోసం కొంటే ఇంకెంత తీవ్రమో చెప్పనక్కర్లేదు.

ఇదంతా దాటాక రాష్ట్రం వస్తుంది. టెక్సాస్‌లో తనిఖీ పూర్తయితే అప్పుడే ఇంటికి తెచ్చుకోవచ్చు. న్యూజెర్సీలో ప్రతి పిస్టల్‌కూ స్థానిక పోలీసుల ద్వారా వేరే పర్మిట్ తీసుకోవాలి, మ్యాగజైన్‌లో, అంటే తూటాలు నింపి పిస్టల్‌లో పెట్టే డబ్బాలో, పది తూటాలకు మించకూడదు. కాలిఫోర్నియాలో పది రోజులు ఆగాలి. పైగా రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించిన జాబితాలో ఉన్న నమూనాలనే డీలరు కొత్తగా అమ్మగలడు, టెక్సాస్‌లో మూడు వందలకు దొరికే పిస్టళ్లలో చాలావరకు ఆ జాబితాలో కనిపించవు. న్యూయార్క్‌లో ఇంట్లో ఉంచుకోవడానికే లైసెన్సు కావాలి, 1911 నాటి చట్టం నుంచీ అంతే.

ట్రిగ్గర్ నొక్కితే లోపల జరిగేది

సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒకే తూటా పేలుతుంది. ఆ పేలుడు శక్తితోనే పైనున్న ఉక్కు స్లైడ్ వెనక్కి జరిగి ఖాళీ తొడుగును బయటికి విసిరేస్తుంది. స్ప్రింగ్ దాన్ని మళ్లీ ముందుకు తోసేటప్పుడు, పిడిలో ఉన్న మ్యాగజైన్ నుంచి తర్వాతి తూటా గొట్టం వెనుక ఉండే ఛాంబర్‌లోకి చేరుతుంది. వేలు వదిలి మళ్లీ నొక్కితేనే రెండోది పేలుతుంది. వేలు తీసేదాకా పేలుతూ పోయేవి పూర్తి ఆటోమేటిక్ తుపాకులు, అవి వేరే సంగతి. 1986 మే తర్వాత తయారైనవి సామాన్యులకు అమ్మడం అక్కడ నిషిద్ధం.

ఇక్కడ ఒక చిన్న విషయం ప్రాణాల మీదికి తెస్తుంది. మ్యాగజైన్ బయటికి లాగేస్తే పిస్టల్ ఖాళీ అయిందనుకుంటారు. కాలేదు. ఛాంబర్‌లో అప్పటికే చేరిన తూటా అక్కడే ఉంటుంది. స్లైడ్ వెనక్కి లాగితేనే అది బయటపడుతుంది. మ్యాగజైన్ తీసేస్తే పేలకుండా ఉండే ఏర్పాటు కొన్ని పిస్టళ్లలో ఉంది, చాలావాటిలో లేదు.

రివాల్వర్‌లో ఈ తిరకాసు లేదు. గుండ్రటి చక్రంలో ఐదో ఆరో తూటాలు కనిపిస్తూ ఉంటాయి. అది నెమ్మదిగా నింపాల్సిన ఆయుధం, ట్రిగ్గర్ బరువుగా ఉంటుంది, కానీ లోపల తూటా ఇరుక్కునే బాధ తక్కువ. ఇప్పుడు దుకాణాల్లో చవకరకం ఎంపికలు ఎక్కువగా సెమీ ఆటోమేటిక్‌లోనే దొరుకుతున్నాయి కాబట్టి చర్చ అటు ఒరిగింది.

చవకదనానికి రెండు చరిత్రలు

చవక పిస్టల్ అంటే అమెరికా పాతతరంలో ఇప్పటికీ ముఖం చిట్లించేవారున్నారు. దానికి కారణముంది. 1968 తుపాకుల నియంత్రణ చట్టం చిన్న చవక పిస్టళ్ల దిగుమతిని అడ్డుకుంది, దేశంలోనే తయారు చేయడాన్ని మాత్రం ఆపలేదు. ఆ ఖాళీలోకి లాస్ ఏంజెలస్ చుట్టుపక్కల రేవెన్, జెన్నింగ్స్, బ్రైకో, లోర్సిన్ వంటి కంపెనీలు పుట్టుకొచ్చాయి. ఉక్కుకు బదులు జింకు మిశ్రమం అచ్చుల్లో పోసి, వంద డాలర్ల లోపు అమ్మేవారు.

వాటిలో బ్రైకో 38 అనే పిస్టల్ చేసిన హాని కోర్టు రికార్డుల్లో ఉంది. 1994లో కాలిఫోర్నియాలో ఏడేళ్ల బాలుణ్ణి చూసుకుంటున్న యువకుడు ఇంట్లో ఉన్న పిస్టల్‌ను ఖాళీ చేయబోయాడు. ఆ నమూనాలో సేఫ్టీ మీట వేసి ఉంటే స్లైడ్ కదలదు. అంటే తూటా బయటికి తీయాలంటే ముందుగా పిస్టల్‌ను పేలే స్థితిలోకి తేవాలి. అతను మీట జరిపాడు, వేలు ట్రిగ్గర్‌కు తగిలింది, తూటా బాలుడి దవడలోంచి దూసుకుపోయి మెడకింద శరీరం చచ్చుబడింది. నిర్మాణమే లోపభూయిష్టమని 2003లో జ్యూరీ తేల్చింది. కంపెనీ దివాలా తీసింది. భద్రత కోసం ఉన్న మీటే ప్రమాదాన్ని తప్పనిసరి చేసిన ఉదాహరణ ఇంతకంటే స్పష్టంగా దొరకదు.

రెండో చరిత్ర ఆస్ట్రియాలో మొదలవుతుంది. 1982లో ఆ దేశ సైన్యం గ్లాక్ 17 అనే పిస్టల్‌ను తీసుకుంది. దాని చట్రం ప్లాస్టిక్ జాతి పాలిమర్, లోపలి భాగాలు తక్కువ, చేత్తో అరగదీసి అమర్చాల్సిన పని లేదు. వెనక కనిపించే సుత్తికి బదులు లోపల తూటా వెనక కొట్టి పేల్చే స్ట్రైకర్ అనే పుల్ల ఉంటుంది. ఆ పద్ధతి మీద పేటెంట్ల గడువు తీరాక, కంప్యూటర్‌తో నడిచే కోత యంత్రాలు ఎక్కడపడితే అక్కడికి వచ్చాక, బ్రెజిల్, టర్కీ కంపెనీలు దాదాపు అదే పద్ధతిలో సగం ధరకు తయారు చేయగలిగాయి. నేటి చవక పిస్టల్ ఆ జింకు అచ్చుల వారసురాలు కాదు, ఈ పాలిమర్ కుటుంబానిది.

ధరలు రాష్ట్రాన్నీ సీజన్‌నూ బట్టి మారతాయి కాని, స్థూలంగా బ్రెజిల్ కంపెనీ టారస్ జీ3సీ 250 నుంచి 300 డాలర్ల మధ్య, స్మిత్ అండ్ వెసన్ ఎస్‌డీ9, రూగర్ సెక్యూరిటీ-9 ఆ పైన 350 చుట్టూ, టర్కీ కానిక్ దాని మీద కొంచెం, గ్లాక్ 19 ఐదారు వందల మధ్య ఉంటాయి. అన్నింటికంటే కింద 200 దగ్గర ఒహాయోలో తయారయ్యే హై-పాయింట్ సీ9 ఉంది.

హై-పాయింట్ ఎందుకంత చవకో చేతిలోకి తీసుకుంటేనే తెలుస్తుంది. అది ఖాళీగానే 800 గ్రాములు దాటుతుంది. గ్లాక్ 19 ఖాళీ మ్యాగజైన్‌తో సహా 670 దగ్గర ఆగుతుంది. తూటాలేమో హై-పాయింట్‌లో ఎనిమిది, గ్లాక్‌లో పదిహేను. చాలా 9 ఎంఎం పిస్టళ్లలో (తూటా వ్యాసం 9 మిల్లీమీటర్లు) గొట్టం, స్లైడ్ ఒకదానితో ఒకటి బిగిసి కొన్ని మిల్లీమీటర్లు కలిసి వెనక్కి వెళ్తాయి. ఈలోపు లోపలి ఒత్తిడి తగ్గుతుంది, అప్పుడు గొట్టం కిందికి వంగి విడిపోతుంది. బ్రౌనింగ్ అనే ఇంజినీరు నూరేళ్ల క్రితం తీర్చిదిద్దిన పద్ధతి ఇది. హై-పాయింట్‌లో ఆ బిగింపు లేదు. స్లైడ్ బరువే ఒత్తిడిని ఆపాలి, అందుకే అంత లావు స్లైడ్. పనిచేస్తుంది, కంపెనీ జీవితకాల వారంటీ కూడా ఇస్తుంది. పట్టుకోవడానికి మాత్రం మోటుగా ఉంటుంది.

మిగతా మూడు నాలుగు వందల శ్రేణిలో కోత ఎక్కడ పడుతుందంటే: గురి చూసే గుర్తులు ఉక్కుకు బదులు ప్లాస్టిక్‌వి, ట్రిగ్గర్ కదలిక కాస్త గరుకు, పై పూత త్వరగా పాలిపోవడం, చేతి సైజుకు మార్చుకునే పిడి పలకలు లేకపోవడం. ఒక గది దూరంలో గొట్టం కచ్చితత్వానికి వచ్చే లోటు ఏమీ లేదు. పోటీల్లో పాల్గొనేవారికి ట్రిగ్గర్ గరుకుతనం పెద్ద విషయం. ఇంట్లో ఉంచుకునేవారికి అది అంత పెద్దది కాదని నా అభిప్రాయం.

మరి భద్రత? చవకవి కింద పడితే పేలతాయనే పేరు టారస్‌కు ఒకప్పుడు వచ్చింది. దాని తొమ్మిది పాత నమూనాల మీద సామూహిక దావా నడిచి, కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే 2016లో కోర్టు ఆమోదంతో పరిష్కారమైంది. ఇక్కడే ఆగితే కథ సులువు. కానీ 2017 జనవరిలో అమెరికా సైన్యం ఎంచుకున్న పిస్టల్‌కు మూలమైన సిగ్ పీ320, దాని ధర టారస్‌కు రెట్టింపు, కొన్ని కోణాల్లో కింద పడితే పేలుతోందని అదే ఏడాది ఆగస్టులో బయటపడింది. పిస్టల్ నేలను తాకి ఆగిపోయినా బరువైన ట్రిగ్గర్ ఆ ఊపులో కదులుతూనే ఉండటం దానికి కారణం. కంపెనీ తేలికైన ట్రిగ్గర్‌తో ఉచితంగా మార్చి ఇచ్చింది. ధర చూసి భద్రతను అంచనా వేయడం రెండు వైపులా దెబ్బతిన్న అలవాటు. సీరియల్ నంబరుతో రీకాల్ ఉందో లేదో కంపెనీలే చెబుతాయి, దానికి ఖర్చు లేదు.

చిన్నదైతే తేలికా?

మన ఆడవాళ్లకు చూపించేటప్పుడు దుకాణంలో తరచూ అరచేతిలో ఇమిడే పిస్టల్ బయటికి తీస్తారు. బరువు తక్కువ, చూడటానికి భయం వేయదు. భౌతికశాస్త్రం దీనికి ఎదురు తిరుగుతుంది. ఒకే తూటాకు ఆయుధం ఎంత తేలికైతే చేతికి తగిలే వెనక్కుతోపు అంత ఎక్కువ. పైగా చిన్న పిస్టల్‌లో స్ప్రింగ్ గట్టిగా ఉండాలి, పట్టుకోవడానికి స్లైడ్ మీద చోటు తక్కువ. వేళ్లలో బలం తగ్గినవారు స్లైడ్ వెనక్కి లాగలేకపోయే సమస్య ఇక్కడే వస్తుంది. జేబులో దాచుకోవడానికి చేసినదాన్ని మంచం పక్కన ఉంచుకోవడానికి కొనడం వల్ల వచ్చే తలనొప్పి ఇది. ఇంట్లో ఉంచుకునేదానికి పరిమాణం అడ్డు కాదు కనుక, మధ్యస్థ పరిమాణం 9 ఎంఎం చాలామందికి తేలికగా అనిపిస్తుంది. స్లైడ్ సులువుగా కదిలేలా ప్రత్యేకంగా చేసిన, 9 ఎంఎం కంటే శక్తి తక్కువైన .380 తూటా నమూనాలు కూడా కొన్నేళ్లుగా వస్తున్నాయి.

తూటా పరిమాణం మీద జరిగిన వాదనలతో ఒక గ్రంథాలయం నింపవచ్చు. 1986లో మయామీలో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఏజెంట్లను కోల్పోయాక ఎఫ్‌బీఐ 9 ఎంఎంను వదిలి పెద్ద తూటాల వైపు వెళ్లింది. చివరికి .40 (0.40 అంగుళాల వ్యాసం) తూటా దగ్గర స్థిరపడింది. తూటాల నిర్మాణం మెరుగుపడ్డాక 2010ల మధ్యలో మళ్లీ 9 ఎంఎంకే తిరిగొచ్చింది. తక్కువ తోపు, ఎక్కువ తూటాలు, సాధనకు తక్కువ ఖర్చు దాని వాదన. పోలీసు శాఖలు ఎన్నో అదే బాట పట్టాయి. అందుకే వాళ్లు వదిలేసిన .40 గ్లాక్‌లు పాత సరుకు మార్కెట్లో మూడు వందలకు అటూ ఇటూగా దొరుకుతుంటాయి. పిస్టల్ చవకే, తూటా ఖరీదు ఎక్కువ, చేతికి తోపూ ఎక్కువ.

ఇండియా నుంచి వెళ్లినవారికి ఈ చర్చంతా కొత్తగా ఉండటానికి కారణం ఉంది. మన ఆయుధ చట్టం కింద 9 ఎంఎం నిషిద్ధ బోరు, అంటే సామాన్యులకు మామూలుగా లైసెన్సు ఇవ్వని తూటా పరిమాణం. లైసెన్సు పొందినవారికి దొరికేది ఎక్కువగా ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల .32 పిస్టళ్లు, అవీ లక్ష రూపాయలకు అటూ ఇటూ. అమెరికాలో జేబు పిస్టల్‌గా చూసే తూటా అది.

గోడల సంగతి మాత్రం మనవాళ్లు తప్పక పట్టించుకోవాల్సింది. విజయవాడలోనో వరంగల్‌లోనో ఇంటి గోడ ఇటుకతో కట్టింది. అమెరికా ఇంట్లో లోపలి గోడ అంటే కర్రల చట్రానికి రెండు వైపులా అర అంగుళం మందం జిప్సం పలక. మామూలు 9 ఎంఎం తూటా అలాంటి గోడలు ఒకటి కాదు, రెండు మూడు దాటగలదు. హాల్లో కాల్చింది పిల్లల గదిలోకి పోతుంది. కొన కుహరంగా ఉండి తగలగానే విచ్చుకునే హాలో పాయింట్ తూటాలు శరీరంలో త్వరగా ఆగుతాయి కాబట్టి ఆత్మరక్షణకు ఎక్కువమంది వాటినే సూచిస్తారు. కానీ జిప్సం పొడి ఆ కుహరాన్ని పూడ్చేస్తే అవీ మామూలు తూటాల్లాగే గోడలు దాటిపోవచ్చు. న్యూజెర్సీలో హాలో పాయింట్ వెంట తీసుకుని తిరగడం నేరం, సొంత ఇంట్లో ఉంచుకోవచ్చు.

అసలు ఖర్చు ఎంత?

పిస్టల్ 280 డాలర్లు అనుకుందాం. వెంటనే తెరుచుకునే ఉక్కు పెట్టె 120. ప్రాథమిక శిక్షణ తరగతి 150. సాధనకు 500 తూటాలు, ఒక్కోటి సుమారు పావు డాలరు, 125. ఆత్మరక్షణ తూటాలు వంద, ఒక్కోటి డాలరు చొప్పున, 100. నాలుగుసార్లు కాల్పులు సాధన చేసే రేంజికి వెళితే, ఒక్కోసారి 20 చొప్పున 80. మొత్తం 855. ఇప్పుడు పిస్టల్ గడిలో 280 బదులు 550 వేసి చూడండి: 1,125. పిస్టల్ ధర దాదాపు రెట్టింపైనా మొత్తం ఖర్చు మూడో వంతు కూడా పెరగలేదు.

ఈ లెక్కను రెండు రకాలుగా చదివేవారున్నారు. ఎలాగూ అంత ఖర్చు పెడుతున్నప్పుడు ఆ 270 కూడా కలిపి పేరున్నది కొనడమే మేలంటారు కొందరు. మ్యాగజైన్లు, ఒరలు, విడిభాగాలు సులువుగా దొరుకుతాయి, అమ్మితే ధర పలుకుతుంది. అదే 270తో ఇంకో వెయ్యి తూటాలు కాల్చవచ్చు, నేర్పు పిస్టల్‌లో కాదు చేతిలో ఉంటుందంటారు ఇంకొందరు. నాకు రెండో వాదనే బలంగా కనిపిస్తుంది. అయితే ఆ వెయ్యి తూటాలు నిజంగా కాల్చేవాళ్లు తక్కువ. కొన్న మొదటి నెలలో రెండుసార్లు వెళ్లి ఆపేసేవాళ్లే ఎక్కువ.

కొత్త పిస్టల్ రెండు మూడు వందల తూటాలు ఇరుక్కోకుండా పేలిందా, ఆత్మరక్షణకు ఎంచుకున్న తూటానే అందులో సాఫీగా ఎక్కుతోందా అనేది ఖరీదైనవాటికీ వర్తించే పరీక్ష. చవకవాటిలో ఒకే నమూనాకు చెందిన రెండు పిస్టళ్ల మధ్య తేడా కాస్త ఎక్కువ కనుక, ఆ పరీక్ష వదిలేస్తే వచ్చే నష్టం కూడా ఎక్కువ.

పెట్టె మీద ఆదా చేస్తే

పిల్లలున్న ఇంట్లో అసలు ఇబ్బంది తుపాకీ ఎంపికలో లేదు. రెండు సెకన్లలో నాకు అందాలి, ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఎప్పటికీ అందకూడదు అనే రెండు కోరికలు ఒకదానికొకటి ఎదురు. వేలిముద్రతో తెరుచుకునే పెట్టెలు ఈ రెంటినీ తీరుస్తామని వచ్చాయి. 2023లో 12 ఏళ్ల బాలుడి మరణం తర్వాత ఒక కంపెనీ అలాంటి పెట్టెలను వేల సంఖ్యలో వెనక్కి పిలిచింది. 2024లో మరికొన్ని కంపెనీలవీ వెనక్కి వెళ్లాయి. లోపం ఏమిటంటే, యజమాని తన వేలిముద్ర సరిగా నమోదు చేసేదాకా అవి ఎవరి వేలు పెట్టినా తెరుచుకునే స్థితిలోనే ఉంటాయి. నమోదైందని యజమాని అనుకుంటాడు. తన వేలు పెట్టి చూస్తాడు, తెరుచుకుంటుంది, నమ్ముతాడు. ఇంకొకరి వేలు పెట్టి చూస్తే తప్ప లోపం బయటపడదు.

టెక్సాస్ వంటి తుపాకీ అనుకూల రాష్ట్రంలో కూడా 17 ఏళ్లలోపు పిల్లలకు పేలే స్థితిలో ఉన్న తుపాకీ అందేలా వదిలేయడం నేరమే. గ్లాక్ తరహా పిస్టళ్లకు బొటనవేలితో వేసే సేఫ్టీ మీట ఉండదు, ట్రిగ్గర్ నొక్కనంతవరకే అవి భద్రం. మీట ఉన్నవి మేలని ఒక వర్గం, భయంలో ఆ మీట తీయడం మరిచిపోతారని ఇంకో వర్గం. పిల్లల విషయంలో రెండు వర్గాల వాదనా అనవసరం, మీట జరపడం ఐదేళ్ల పిల్లలకూ వస్తుంది.

ఇంతకీ రక్షణ దొరుకుతుందా?

ఈ ప్రశ్న మీద అమెరికా పరిశోధకులు ముప్పై ఏళ్లుగా కొట్లాడుతున్నారు. ఏటా 25 లక్షల దాకా ఆత్మరక్షణ సంఘటనల్లో తుపాకీ ఉపయోగపడుతోందని 1995లో గ్యారీ క్లెక్, మార్క్ గెర్ట్జ్ లెక్క కట్టారు. ప్రభుత్వం జరిపే నేరబాధితుల సర్వే ఆధారంగా లెక్కిస్తే అది లక్షకు కాస్త అటూ ఇటూ తేలుతుంది. ఇంత తేడా ఎలా వచ్చింది? క్లెక్ సర్వేలో సుమారు 5,000 మందిని అడిగారు. అందులో ఒక్క శాతం, అంటే 50 మంది పొరబడి అవునన్నా, దాన్ని అప్పటి 19 కోట్ల వయోజనులకు విస్తరిస్తే 19 లక్షల సంఘటనలు గాల్లోంచి పుడతాయి. అరుదైన విషయాన్ని సర్వేతో కొలిచినప్పుడు వచ్చే చిక్కిది. క్లెక్ పక్షం ఎదురు అడిగేదీ కొట్టిపారేయలేం: పేరు, చిరునామా తెలిసిన ప్రభుత్వ ఉద్యోగి అడిగితే, నేను తుపాకీ చూపించి బెదిరించానని ఎంతమంది చెబుతారు?

మరో వైపు లెక్కలు ఇవి. న్యాయశాఖ గణాంకాల ప్రకారం 2003-07 మధ్య జరిగిన ఇంటి దొంగతనాల్లో ఇంట్లో ఎవరైనా ఉన్నవి 28 శాతం, వారిపై హింస జరిగినవి 7 శాతం. ఇంట్లో ఎవరూ లేని మిగతా సందర్భాల్లో పిస్టల్ కూడా నగలతో పాటు దొంగ సంచిలోకి వెళ్లే ప్రమాదం ఉంది. 2021లో అమెరికాలో తుపాకీ మరణాలు 48,830. వాటిలో 26,328 ఆత్మహత్యలు. చేతి తుపాకీ ఉన్నవారితో ఒకే ఇంట్లో ఉండే కాలిఫోర్నియావాసుల మీద స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2022లో ప్రచురించిన అధ్యయనంలో, వారు హత్యకు గురయ్యే ప్రమాదం రెండింతలకు పైగా కనిపించింది. జీవిత భాగస్వామి చేతిలో కాల్పులకు బలయ్యే ప్రమాదం ఏడు రెట్లు. అసలే ప్రమాదంలో ఉన్నవారే తుపాకీ కొంటారు కదా, కారణాన్నీ ఫలితాన్నీ తిరగేస్తున్నారు అని విమర్శకులు అంటారు. అధ్యయనాలు దాన్ని సర్దుబాటు చేయడానికి ప్రయత్నించాయి, పూర్తిగా చేయడం సాధ్యం కాదు.

సగటు లెక్క ఒక్కో ఇంటికి ఒక్కోలా అతుకుతుంది. డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో ఒక ఇల్లుంది అనుకుందాం: భార్యాభర్తలకు గ్రీన్‌కార్డులు, పదిహేనేళ్ల కొడుకు, నిరుడు మానసిక ఒత్తిడికి వైద్యం, పక్క వీధిలో పోలీస్ స్టేషన్. పశ్చిమ టెక్సాస్‌లో హైవే పక్కన మోటల్ నడుపుతూ దాని వెనకే ఒంటరిగా ఉండే యాభై ఏళ్ల మహిళ ఇంకొకరు: పిల్లలు లేరు, షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి) రావడానికి నలభై నిమిషాలు పడుతుంది. ఇద్దరూ దుకాణంలో చూసేది అదే 280 డాలర్ల పిస్టల్. మొదటి ఇంట్లో పైన చెప్పిన గణాంకాల్లోని ప్రతి ప్రమాదమూ ఉంది, ఉపయోగపడే అవకాశం తక్కువ. రెండోచోట కొడుకు గురించిన లెక్క మొత్తం ఎగిరిపోతుంది, మిగిలేది ఆమె వేళ్లకు ఆ స్లైడ్ లొంగుతుందా, రిసెప్షన్ గది జిప్సం గోడ వెనక ఆ రాత్రి ఎవరు పడుకున్నారు అనేవి.